మూడంగుళాల అబద్ధం

పెళ్లి బయోడేటాలో నా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడితే అయిదడుగుల నాలుగు. మిగతా మూడంగుళాలు మా పెళ్లిళ్ల పేరయ్య గారి చలవ. పందొమ్మిదేళ్లుగా వాటివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు కాబట్టి వాటి జోలికి నేనూ వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లక తప్పడం లేదు. మనవాళ్లలో సైకిలు తొక్కే అలవాటు అడుగంటడానికి మోటారు బళ్లు కారణమని కొందరు, ఫ్లైఓవర్లు కారణమని కొందరు రాస్తున్నారు. అసలు కారణం పెళ్లి బయోడేటా. దీన్ని ఆధారాలతో సహా నిరూపిస్తాను. ఆధారం ఒక్కటే, అది నేనే.

రెండేళ్ల కిందట డాక్టరు గారు నా షుగర్ రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి, తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు. నడక రిటైరైనవాళ్ల వ్యవహారం. జిమ్ము పెళ్లికావాల్సిన వాళ్లది. మధ్యవయసు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి భగవంతుడు కేటాయించింది మౌంటెన్ బైకు. మా అపార్టుమెంటు చుట్టూ నాలుగు కిలోమీటర్ల దాకా మౌంటెన్ అనేది లేదు. ఆ మాటకొస్తే ఈత రానివాళ్లు గోవా వెళ్లడం లేదా?

షాపులో కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "సార్, మీ హైటెంత?"

పక్కన మా ఆవిడ ఉంది. హరిశ్చంద్రుడు సత్యం కోసం ఆలిని అమ్ముకున్నాడు. నేను ఆలి ముందు పరువు నిలుపుకోవడం కోసం సత్యాన్ని అమ్మేశాను. "అయిదూ ఏడు," అన్నాను. కుర్రాడు ఎగాదిగా చూడలేదు. టేపు తేలేదు. నోటిమాట మీద అంత నమ్మకం పెట్టే మనుషులు ఈ కాలంలో, అందునా హైదరాబాదులో, ఉంటారని నేను ఊహించలేదు. చివరికి పంతొమ్మిది అంగుళాల ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు, పదిహేడు కిలోల బరువు ఉన్న ఒక మహాప్రాణి పన్నెండు నెలల ఈఎంఐ మీద మా ఇంటికి కాపురానికొచ్చింది.

సైకిలుకి అటూ ఇటూ కాళ్లు వేసి నేలమీద నిలబడినప్పుడు పై కడ్డీకీ మనిషికీ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలంటారు తెలిసినవాళ్లు. నా విషయంలో ఆ ఖాళీ మైనస్‌లో ఉంది. ఇంతకన్నా వివరంగా కుటుంబ పత్రికలో రాయలేను. సిగ్నల్ దగ్గర ఆగాలంటే నాకు ఫుట్‌పాత్ అంచు కావాలి. అది లేనిచోట డివైడరు. అదీ లేనిచోట మెట్రో పిల్లరు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ సిగ్నల్ దగ్గర ఎడమకాలు ఆనడానికి ఏముందో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మున్సిపాలిటీ వాళ్లు ఒకచోట ఫుట్‌పాత్ తవ్వేస్తే నేను ఆ దారినే మానుకున్నాను.

హ్యాండిల్ సీటుకి ఎంత దూరమంటే, రెండు చేతులూ చాచి పట్టుకుంటే వెనకనుంచి చూసేవాళ్లకి నేను ఎవరికో సాష్టాంగపడుతున్నట్టు ఉండేది. మలుపు తిప్పాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. అది పై అధికారి పరిశీలనకి వెళ్లి, మంజూరై వచ్చేసరికి మలుపు దాటిపోయేది. ఇక వెనక స్ప్రింగు సంగతి. చవకరకం డబుల్ సస్పెన్షన్ సైకిలు ఎక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెడల్ ఒక్కసారి నొక్కితే సైకిలు ముందుకి కాస్త, కిందకి కాస్త వెళ్తుంది. నా కష్టార్జితంలో చక్రానికి చేరాల్సిన దాంట్లోంచి స్ప్రింగు ముందే టీడీఎస్ కోసుకునేది. రిటర్నులు వేసినా వెనక్కి రాదు.

అయినా తొక్కాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసి, 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు మీద తొక్కాను. చూడముచ్చటైన ట్రాకు. ఎండ తగలదు, వాన తగలదు, పాపం కొండా తగలదు. నున్నటి చదును మీద నా రెండు స్ప్రింగులూ కొండ వస్తుందేమోనని పడిగాపులు పడేవి. స్పీడ్‌బ్రేకరు వస్తే ఇదే హిమాలయం కాబోలని ఎగిరి గంతేసేవి. ఇంటికొచ్చాక నడుము, మెడ, రెండు మణికట్లు, ఇంకా పేరు పెట్టని కొన్ని అవయవాలు నొప్పెట్టేవి.

వాట్సాప్ గ్రూపులో చెప్పుకున్నాను. గ్రూపులో నిపుణులకి కొదవ లేదు. సీటు మార్చమన్నారు, మార్చాను. జెల్ కవరు వెయ్యమన్నారు, వేశాను. మెత్త కుట్టిన నిక్కరు కొనమన్నారు. కొని, వేసుకుని, లిఫ్టులో మూడో అంతస్తు పెద్దమ్మ గారికి ఎదురుపడ్డాను. గ్లవ్స్, పెడళ్లు, నీళ్ల సీసా తగిలించుకునే కొక్కెం, ఎంత దూరం తొక్కలేకపోయానో లెక్కకట్టి చూపించే మీటరు, అన్నీ వచ్చాయి. ఒక్క సైకిలు తప్ప అన్నీ మార్చాను. మీ ఎత్తెంత అని గ్రూపులో ఒక్కరూ అడగలేదు. అడిగితే తమదీ చెప్పాల్సి వస్తుందని భయపడ్డారేమో.

గల్లీలో గాలికొట్టే అతను మాత్రం రోగం పట్టేశాడు. ఒకరోజు పంక్చర్ వేస్తూ వేస్తూ తలెత్తి, "సార్, ఏమనుకోవద్దు. గీ సైకిల్ మంచిదే. మీది గాదు. మీకన్నా పొడుగోనిది," అన్నాడు. నేను ఏమనుకోవద్దో అదే అనుకున్నాను. ఆ తర్వాత నెలరోజులు వేరే షాపుకి వెళ్లాను.

చివరికి మహాప్రాణి బాల్కనీ చేరింది. దాని సీటుకీ వెనక స్ప్రింగుకీ మధ్య సందులో ఒక పావురం నాలుగు పుల్లలు పెట్టి రెండు గుడ్లు పెట్టింది. ఆ సైకిలు సరిగ్గా సరిపోయిన మొదటి ప్రాణి అదే.

ఇక్కడ విజ్ఞులైన పాఠకులు లేచి ఒక ప్రశ్న వేస్తారు. "చిన్నప్పుడు నాన్న సైకిలు తొక్కలేదా? అది మాత్రం నీ సైజా?" తొక్కాను. ఆరో తరగతిలో, సీటు నా చెవికి తగిలే నల్ల సైకిలుని, బారు కింద నుంచి కుడికాలు అవతలికి దూర్చి, ఒళ్లంతా ఓ పక్కకి వేలాడేసి, సగం సగం పెడల్ కొడుతూ ఊరంతా తిరిగాను. మోకాళ్ల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. అంత సంతోషం మళ్లీ ఎరగను. ఎందుకంటే అప్పుడు నేను పొట్టివాణ్ణని నాకు తెలుసు, సైకిలుకి తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎవరికీ బయోడేటా ఇవ్వలేదు. ఉన్న కాళ్లతో ఎక్కడ దూరాలో చూసుకున్నాను, అంతే.

అసలు ఈ మౌంటెన్ బైకు ఆట పుట్టుక కూడా అలాంటిదే. కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి పైనున్న మారిన్ కౌంటీలో, డెబ్భైల్లో కొందరు కుర్రాళ్లు 1930లు, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లు, పేపర్ వేసే పిల్లలు తొక్కే రకం, ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చి కొండమీదికి తీసుకెళ్లేవాళ్లు. 1976 అక్టోబరులో అక్కడి ఒక మట్టిదారిలో పోటీ పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారిలో 1,300 అడుగులు కిందికి దిగాలి. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాటివి. దిగేసరికి లోపలి గ్రీజంతా పొగైపోయేది, మళ్లీ కూరితే గానీ బండి కదిలేది కాదు. అందుకని ఆ పోటీకి 'రీప్యాక్' అనే పేరు స్థిరపడింది. ఆ కుర్రాళ్లలో గ్యారీ ఫిషర్ అనేవాడు ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఇక లాభం లేదని 1977లో కొండదారుల కోసమే ఒక సైకిలు చేశాడు. మొదటిది తనకోసమే చేసుకుని దానిమీదే పందేలకి వెళ్లాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఉంది. ఆ ఫ్రేము చేసేటప్పుడు ఆయన తన ఎత్తు విషయంలో తనతో తాను అబద్ధమాడినట్టు దాఖలాలు లేవు. అమెరికాలో పేరయ్యలు లేకపోవడం వాళ్ల పారిశ్రామిక ప్రగతికి ఎంత దోహదపడిందో మన ఆర్థికవేత్తలు ఆలోచించాలి.

నాకు జ్ఞానోదయం అనంతగిరి కొండల్లో అయింది. వికారాబాద్ దగ్గర, మూసీ పుట్టేచోట. (పుట్టినప్పుడు మూసీ కూడా శుభ్రంగానే ఉంటుంది. హైదరాబాదు దాకా వచ్చి మాతో సహవాసం చేశాకే పాడవుతుంది.) మా బావమరిది తన పాత సైకిలు కారు వెనక కట్టుకొచ్చాడు. ముందు మాత్రమే స్ప్రింగు, 26 అంగుళాల చక్రాలు, పెచ్చులూడిన రంగు, పొట్టి ఫ్రేము. వాడిదీ అయిదూ నాలుగే. పెళ్లిచూపుల్లో నా పక్కన నిలబడి, నా తలనీ తన తలనీ మార్చి మార్చి చూసి, అక్క మొహం చూసి నోరు మూసుకున్న పుణ్యాత్ముడు.

"బావా, నువ్వు ఇది తొక్కు," అన్నాడు.

"నాకు చిన్నదవుతుందేమోరా."

వాడు పందొమ్మిదేళ్లు దాచుకున్న నవ్వు ఒకటి నవ్వి, కూర్చుని టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. నేను అడ్డుపడ్డాను. జీవితమంతా గాలి కొట్టించుకోవడమే గానీ డబ్బులిచ్చి కొట్టించిన గాలిని తీయించుకోవడం మా వంశంలో లేదు. "రాయిలా ఉంటే రాయి మీద ఎగురుతుంది బావా. కాస్త మెత్తగా ఉంటే రాయిని పట్టుకుంటుంది," అని, బొటనవేలితో నొక్కి చూసి, ఇంకొంచెం తీసి, ఇరవై ఎనిమిది పీఎస్ఐ దగ్గర ఆపాడు. నా మహాప్రాణికి నేను ఎప్పుడూ యాభై కొట్టించేవాణ్ణి. లోపలున్నది గాలైనా సరే, తక్కువైతే నలుగురిలో నామోషీ కదా.

ఎక్కాను. ఆగాలనిపించి ఆగాను. రెండు పాదాలూ నేలమీద ఉన్నాయి. చుట్టూ చూశాను, ఫుట్‌పాత్ లేదు, డివైడరు లేదు, మెట్రో పిల్లరు లేదు.

ఎర్రమట్టి దారి. అక్కడి నేల ఇటుకపొడి రంగులో ఉంటుంది. దానిమీద గోళీల్లాంటి గుండ్రటి ఎర్రరాళ్లు, వాటిమీద ఎండిన టేకాకులు. ఆకు కింద ఏముందో చక్రం ఎక్కేదాకా తెలియదు. దిగుడు మొదలైంది. "సీటు మీంచి లే బావా, పెడళ్లు రెండూ సమంగా పెట్టు, రాయి వంక చూడకు, దారి వంక చూడు" అని వెనకనుంచి అరుస్తున్నాడు. లేచాను. నడుము వెనక్కి జరిపితే జరిగింది, పై కడ్డీ అడ్డు రాలేదు. మోచేతులు వంగాయి. నాకు మోచేతులున్నాయని రెండేళ్ల తర్వాత గుర్తొచ్చింది. ముందు ఒక గొయ్యి, దాని పక్కన వేరు. నేను వేరుకి కుడిపక్కన పోదామని అనుకున్నానంతే, అర్జీ పెట్టలేదు, సైకిలు అప్పటికే కుడిపక్కకి పోయింది. చక్రం కింద ఆకులు కరకరమన్నాయి. ఒకచోట వెనక చక్రం జానెడు జారి, తనంతట తనే సర్దుకుంది. నా గొంతులోంచి ఒక కేక వచ్చింది. నలభై ఆరేళ్ల టీమ్ లీడ్ ఆఫీసు పరిధిలో పెట్టదగిన కేక కాదది. ఆరో తరగతిలో చెరువుకట్ట మీంచి దిగుతూ పెట్టినది.

కింద ఆగి, సైకిలు తోసుకుంటూ పైకెక్కి, మళ్లీ దిగాను. మూడోసారి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, పాత మచ్చ పక్కనే. టిఫిన్ చల్లారిపోతోందని మా ఆవిడ ఫోన్ చేస్తే, జీవితంలో మొదటిసారి ఇడ్లీ కన్నా ముఖ్యమైన పని ఉందని చెప్పాను.

ఈ అనుభవం దృష్ట్యా ప్రభుత్వానికి కొన్ని విన్నపాలు. ఆధార్ నమోదులో కనుపాప ఉంది, పది వేళ్లూ ఉన్నాయి, ఎత్తు లేదు. ఈ లోపాన్ని యుద్ధప్రాతిపదికన సరిదిద్దాలి. ప్రతి మండల కేంద్రంలో ఒక సైకిలు నిలబెట్టి, పెళ్లికొడుకుని దానిమీద ఎక్కించి, రెండు పాదాలూ నేలకానాయని తహసీల్దారు ధ్రువీకరించాకే బయోడేటా చెల్లేలా చట్టం తేవాలి. ముప్ఫయ్యారు గుణాలు కలిపి చూసే దేశంలో మనిషికీ సైకిలుకీ ఒక్క గుణమూ చూడకుండా ముడిపెట్టేయడం శోచనీయం. ఆ గుణం చూడటానికి పంచాంగం కూడా అక్కర్లేదు. గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకం పైదాకా పెట్టి, దాని అంచు దగ్గర పెన్సిల్ గీత గీసి, నేలనుంచి ఆ గీత ఎత్తు కొలవాలి. దాన్ని 0.883తో గుణిస్తే రెండు పెడళ్ల కడ్డీలూ కలిసే మధ్య ఇరుసు నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం వస్తుంది. కొండ దిగేటప్పుడు దానికన్నా కిందికి దించుకోవాలి, అది వేరే సంగతి.

మా ఇంట్లో ఈ కొలత దగ్గర ధర్మసంకటం వచ్చింది. పుస్తకం సరస్వతి, కాళ్ల మధ్య పెట్టకూడదంది మా ఆవిడ. ఇల్లంతా వెతికి, అపార్టుమెంటు అసోసియేషన్ మినిట్స్ బుక్కు తెచ్చింది. అందులో సరస్వతి ఏనాడూ లేదని ఇద్దరం ఏకగ్రీవంగా తీర్మానించాం. డెబ్భై నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. గుణిస్తే అరవై అయిదు పైచిలుకు. బాల్కనీకి వెళ్లి టేపు పెట్టి చూశాను. నా మహాప్రాణి సీటు అంతకన్నా నాలుగు సెంటీమీటర్లు పైన ఉంది. షాపులో పెట్టిచ్చిన ఎత్తు అది. దించితే పొట్టివాణ్ణని ఒప్పుకున్నట్టవుతుందని రెండేళ్లలో నేను దాన్ని ముట్టుకోలేదు. పావురం పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి, ఎదురు ఫ్లాటులో ఉండే ఆరడుగుల కుర్రాడికి సగం ధరకి ఇచ్చేశాను. వాడు ఎక్కి ఒక్క తొక్కు తొక్కితే అది ఎంత వినయంగా వెళ్లిందో చూసి, మా ఇద్దరిలో తప్పు ఎవరిదో నాకు అర్థమైంది.

మొన్న ఆదివారం మళ్లీ షాపుకి వెళ్లాం. వేరే షాపు, వేరే కుర్రాడు. ప్రశ్న మాత్రం అదే.

"సార్, మీ హైటెంత?"

"అయిదూ నాలుగు," అన్నాను.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి నా మూతి దగ్గర పెట్టింది. "ఇంకోసారి చెప్పండి, అమ్మకి వినిపించాలి."

చెప్పాను. కుర్రాడు మా ఇద్దరినీ చూసి, జేబులోంచి టేపు తీసి, "షూస్‌తోనా సార్, షూస్ లేకుండానా?" అన్నాడు.

రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. నేను వంగి లేసులు విప్పడం మొదలుపెట్టాను.