ఊరికే ఇచ్చే రూముకు బాడుగ ఎంత?

సంక్రాంతికని అనంతపురం వచ్చి, పండగ అయిపోయినా ఇంకా మా చిన్నాయన ఇంట్లోనే ఉన్నాను. మొన్న పొద్దున మిద్దె మీద ఉగ్గాని ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఫోను గుయ్యిమంది. న్యూజెర్సీలోని మా గోల్ఫ్ మిత్రుల వాట్సాప్ గ్రూపు. సెప్టెంబరులో ఎనిమిది మందిమి సముద్రం ఒడ్డున కాసినోలున్న అట్లాంటిక్ సిటీ పోదామని దీపావళి నాడే అనుకున్నాం. ఇప్పుడు మాలో ఒకాయన పెట్టిన కబురు ఇది: "కాసినో వాళ్ళు నాకు మూడు రాత్రులు రూములు ఊరికే ఇస్తామన్నారు. కాకపోతే జులైలో. మార్చేద్దామా?" నేను రెండో మిరపకాయ బజ్జీ కొరికేలోపు ఆరు బొటనవేళ్ళు లేచాయి.

ఏడోది నాది కాదు. ఎందుకు కాదో ఫోనులో టైపు చేస్తే ఎవరూ చివరిదాకా చదవరు కాబట్టి మన తెలుగు సంఘం పత్రికకే రాస్తున్నాను. మన సంఘంలో ఇట్లాంటి ప్రయాణాలు వేసుకునే గుంపులు ఇంకా నాలుగైదు ఉన్నాయి, వాళ్ళకూ పనికొస్తుంది.

ముందు జులై సంగతి. మూడేళ్ళ కిందట ఇట్లాగే ఊరికే వచ్చిన రూముల కోసం తేదీలు మార్చుకుని జులైలోనే పోయినాం. అట్లాంటిక్ సిటీ ఉన్నది ఒక దీవి మీద. ఆ దీవికీ గోల్ఫ్ మైదానాలకూ నడుమ మైళ్ళకొద్దీ ఉప్పునీటి చిత్తడి, అందులో నడుమెత్తు గడ్డి. జులై వచ్చిందంటే ఆ గడ్డిలోంచి గ్రీన్‌హెడ్ అనే పచ్చకళ్ళ ఈగ లేస్తుంది. మన జోరీగకు అక్క వరస. దోమ సూది గుచ్చి తాగిపోతుంది, ఇది చర్మం కోసి తాగుతుంది. మందు పూసుకున్నా పెద్దగా లెక్కచెయ్యదు. అక్కడక్కడ చిత్తడిలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన నల్ల పెట్టెలు కనిపిస్తే ఏమిటో అనుకున్నాను, ఆ ఈగలను పట్టే బోనులట. నాలుగో హోల్ దగ్గర పట్ కొట్టడానికి, అంటే బంతిని గుంతలోకి దొర్లించడానికి, వంగితే నా తెల్ల సాక్సు మీద మూడు ఎర్ర చుక్కలు. ఆగస్టు సగం దాటితే గానీ వాటి పీడ తగ్గదు. ఆ ఊరివాళ్ళకు ఇది తెలుసు. రూములు ఊరికే ఇచ్చేవాళ్ళకూ తెలిసే ఉంటుంది.

అదే ప్రయాణంలో రాత్రంతా జూదం టేబుల్ దగ్గర కూర్చున్న ఇద్దరు పొద్దున ఏడుంబావు టీ టైముకు, అంటే గోల్ఫ్‌లో తొలి దెబ్బ కొట్టే వేళకు, రాలేదు. మైదానానికి ముందే కట్టిన గ్రీన్ ఫీజు నీళ్ళలో పోసినట్టే. మిగిలిన ఆరుగురం మూడూ మూడుగా ఆడాం. వాళ్ళిద్దరి రూము మాత్రం ఊరికేనే!

ఈ ఊరికే అన్న మాట ఎట్లా పుడుతుందో చూడండి. కాసినోలో అడుగుపెట్టగానే ప్లాస్టిక్ కార్డు ఒకటి చేతిలో పెడతారు. మీరు సగటున ఎంత పందెం కాస్తున్నారు, గంటకు ఎన్నిసార్లు కాస్తున్నారు, ఎన్ని గంటలు కూర్చున్నారు, ఆ ఆటలో వాళ్ళ వాటా ఎంత, ఈ నాలుగింటినీ గుణిస్తే మీరు పోగొట్టుకోవలసిన మొత్తం వస్తుంది. నిజంగా పోగొట్టుకున్నారా, గెలిచారా అన్నది వాళ్ళకు అంత ముఖ్యం కాదు. ఆ లెక్క మొత్తంలోంచి కొంత శాతం రూము రూపంలో, భోజనం రూపంలో తిరిగి ఇస్తారు. మన డబ్బుకే రిబ్బను కట్టి మనకిస్తే మనం థాంక్స్ చెప్పి వస్తాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. అమెరికా రూలెట్ చక్రంలో 38 గళ్ళుంటాయి: 1 నుంచి 36, ఒక సున్నా, ఇంకో జంట సున్నా. ఒక నంబరు మీద కాసి గెలిస్తే ఒకటికి 35 ఇస్తారు. ఆ రెండు సున్నాలే వాళ్ళ కూలి, నూటికి 5.26. గంటకు 40 సార్లు చక్రం తిరిగితే, తిప్పుకు 15 డాలర్లు కాస్తే, 600 డాలర్లు బల్ల మీద నడిచినట్టు. సగటున 31 డాలర్ల పైచిలుకు అక్కడే ఉండిపోతుంది. నాలుగు గంటలకు 126. వారం మధ్యలో రూము బాడుగకు ఇది సరిపోతుందో లేదో మీరే చూసుకోండి. కొన్ని టేబుళ్ళలో మూడో సున్నా కూడా పెట్టేశారు, అక్కడ వాటా 7.69. బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడేవాళ్ళు టేబుల్ గుడ్డ మీద రాసింది చూసి కూర్చోండి. మొదటి రెండు ముక్కల్లోనే 21 వస్తే రెండుకు మూడు ఇచ్చే చోటు వేరు, అయిదుకు ఆరు ఇచ్చే చోటు వేరు. రెంటి నడుమ తేడా దాదాపు నూటికి 1.4. పక్కపక్కనే ఉంటాయి రెండూ.

ఇదంతా మన సీమవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, అందుకే నాకు ఎక్కువ కడుపుమంట. అందర్ బాహర్ పేకాట చూడకుండా పెరిగిన మగపిల్లవాడు మా పక్క ఊళ్ళలో తక్కువ. అందులో మొదటి ముక్క ఏ వైపు పడితే ఆ వైపుకు గెలుపు అవకాశం నూటికి 51.5, రెండో వైపుకు 48.5. ఈ ఒకటిన్నర సంగతి చింతచెట్టు కింద ఆడించేవాడికి లెక్కలు రాకపోయినా తెలుసు, అందుకే కాసినోలో మొదటి వైపు గెలిస్తే రూపాయికి రూపాయి ఇవ్వరు, తొంభై పైసలే.

ఇక్కడి పేపరు జిల్లా పేజీలో తరచూ ఒక ఫోటో వస్తుంటుంది. పోలీస్ స్టేషన్ ముందర బల్ల, బల్ల మీద పేక కట్టలు, నోట్లు, సెల్‌ఫోన్లు, వెనకాల తల దించుకున్న పది మంది. మా అమ్మ ఆ ఫోటో మీద వేలుపెట్టి "సంసారాలు ఆర్పేస్తాండారు" అంటుంది. ఆంధ్రలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020లో ఆన్‌లైన్ రమ్మీని కూడా అందులోకి తెచ్చారు. ఫోటోలోని ఆ పది మందికీ మాకూ తేడా ఏమిటని నన్నెవరైనా అడిగితే ఏసీ, కార్పెట్, ఊరికే పోసే డ్రింకు అని చెప్పాలి. న్యూజెర్సీ జనం 1976లో ఓటేసి ఒప్పుకున్నారు, 1978 మే 26న మొదటి కాసినో తెరుచుకుంది, అది చట్టబద్ధం. కాదనను. కానీ చట్టబద్ధమైతే ఇంట్లో "గోల్ఫ్‌కు పోతున్నాం" అని మాత్రమే చెప్పి బయల్దేరడం ఎందుకు? మా అమ్మకు నేను చెప్పింది కూడా అంతే, దాచను.

కాసినో అన్నా కాలు పెట్టకండి అనే మడికట్టు నాకు లేదు. పోతాను. ఒక సాయంత్రం, జేబులో రెండు వందల డాలర్ల నోట్లు, కార్డులన్నీ రూములో. అది సినిమా టికెట్టు లాంటిది, సినిమా నచ్చలేదని డబ్బు వెనక్కి అడగం కదా. పొగ పడనివాళ్ళు ముందే ఆలోచించుకోండి, 2006లో న్యూజెర్సీ పదిమంది తిరిగే కట్టడాల లోపల పొగ తాగడం ఆపించినప్పుడు కాసినోలను వదిలేసింది. నేను వద్దనేది ఒక్కటే: ప్రయాణం తేదీ, మకాం, ఎవరు ఎప్పుడు నిద్ర లేస్తారన్నది కాసినో తేల్చడం.

గోల్ఫ్ తేల్చనిద్దాం. సముద్రం పక్క ఆట అంటే గాలి ఆట. పొద్దున ఏడింటికి గాలి పడుకుని ఉంటుంది, మధ్యాహ్నానికి సముద్రం మీంచి లేస్తుంది. నేను 150 గజాలకు వాడే క్లబ్బుతో, అంటే గోల్ఫ్ కర్రతో, కొడితే ఎదురుగాలిలో బంతి 125 దాటదు. కాబట్టి తొలి టీ టైము మనదై ఉండాలి, దానికి ముందు రాత్రి పదిన్నరకు పడుకోవాలి. ఇక్కడే కాసినోకూ గోల్ఫ్‌కూ పొత్తు చెడుతుంది.

సెప్టెంబరు రెండో వారం దాటాక మంగళవారం నుంచి గురువారం దాకా అన్నది నా మాట. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు అయిపోతే పిల్లకాయల జనం తగ్గుతుంది, ధరలు దిగుతాయి, సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఈగలుండవు. ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దాదాపు 100 మైళ్ళు, రెండు కార్లు చాలు. గాలోవేలో సీవ్యూ అనే గోల్ఫ్ క్లబ్ ఉంది, 1914లో మొదలైన చోటు. అక్కడి బే కోర్సులో ఏటా ఎల్‌పీజీఏ అనే మహిళల వృత్తి గోల్ఫ్ పోటీ జరుగుతుంది. పొడవు దాదాపు 6,200 గజాలే, మా బోటి వాళ్ళ నడుములకు అది వరం. గుంత చుట్టూ నున్నటి గడ్డి ఉండే గ్రీన్‌లు చిన్నవి కాబట్టి గర్వం మాత్రం అణుగుతుంది. 1942లో పేరుమోసిన ఆటగాడు శామ్ స్నీడ్ పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచిందీ సీవ్యూలోనే. రెండో రోజు నార్త్‌ఫీల్డ్‌లోని అట్లాంటిక్ సిటీ కంట్రీ క్లబ్. 1897 నాటిది. ఒక హోల్‌ను పెట్టిన లెక్కకన్నా ఒక దెబ్బ తక్కువలో ముగిస్తే బర్డీ అంటారు, ఆ మాట తమ దగ్గరే పుట్టిందని వాళ్ళు ఫలకం పెట్టుకున్నారు. అక్కడి నుంచి చిత్తడికి అవతల కాసినో మేడలన్నీ వరసగా కనిపిస్తాయి. కాసినోలను చూడటానికి ఇంతకన్నా చౌకైన, అందమైన చోటు నాకు దొరకలేదు. అన్నట్టు, ఎప్పుడూ గెలిచేది ఆడించే కాసినోనే అంటారు గానీ 2014 ఒక్క ఏడాదిలోనే ఆ ఊళ్ళో నాలుగు కాసినోలు మూతపడ్డాయి.

ఈసారి ఎనిమిది మందిలో ముగ్గురు అనంతపురం వాళ్ళు. మా బామ్మర్ది, అతని ఇద్దరు స్నేహితులు, వీసాలున్నాయి. ముగ్గురూ క్లబ్బు పట్టింది లేదు. వాళ్ళను పద్దెనిమిది హోళ్ళు లాగితే వెనక వచ్చేవాళ్ళు తిడతారు, వీళ్ళు విసుక్కుని మధ్యాహ్నానికే కాసినోలో జూదం మెషిన్ల ముందు కూర్చుంటారు. అందుకని స్క్రాంబుల్ ఆడదాం. అందరూ కొట్టి, ఎవరి బంతి మంచి చోట పడితే అక్కడి నుంచి మళ్ళీ అందరూ కొట్టడం. కొత్తవాడి ఒక్క మంచి పట్ కూడా జట్టుకు లెక్కొస్తుంది. తొమ్మిది హోళ్ళు చాలు. మెషిన్ల సంగతి కూడా వాళ్ళకు ముందే చెప్పాను: అమెరికా నివాసి కానివాడికి స్లాట్ మెషిన్‌లో పెద్ద మొత్తం తగిలితే 30 శాతం పన్ను అక్కడికక్కడే కోస్తారు, మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందంలో దానికి మినహాయింపు లేదు. బ్లాక్‌జాక్, రూలెట్ లాంటి టేబుళ్ళకు ఆ కోత లేదు.

"అంత దూరం ఎందుకు బావా, గోవా పోతే అయిపోదా?" అన్నాడు బామ్మర్ది. గోవాలో మనుషులు ముక్కలు పంచే టేబుళ్ళు మాండోవి నది మీది ఓడల్లోనే, ఒడ్డున హోటళ్ళలో మెషిన్లే. అది అతనికి నాకన్నా బాగా తెలుసని మాట తీరులోనే అర్థమైంది, ఎక్కువ తవ్వలేదు.

మా మాటలన్నీ చిన్నాయన గోడకు ఆనుకుని వింటున్నాడు. ఆయన చీనీ తోటకు నీళ్ళ కోసం వేయించిన బోర్లలో ఇప్పుడు పారేవి రెండే.

"ఆ గడ్డి ఎన్నెకరాలుంటాదప్పా?"

"నూట యాభై దాకా ఉంటుంది చిన్నాయనా."

"ఎన్ని ఎనుములు మేస్తాయి?"

ఒక్కటీ మెయ్యదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కడ వాన మన అనంతపురానికి రెండింతలు పడుతుందని మాత్రం చెప్పాను. మనకు ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు, అదీ వస్తే. ఆయన తలూపి కిందికి దిగిపోయాడు.

గ్రూపులో నా జవాబు ఇంకా బాకీ. అది ఇదే: సెప్టెంబరు, మంగళవారం, మకాం కాసినోకు బయట, ఎవరి రూము డబ్బు వాళ్ళు కట్టుకోవాలి. ఊరికే రూము కావాలనే పెద్దాయన జులైలో హాయిగా పోవచ్చు, పొడుగు సాక్సులు నేను కొనిస్తాను. ఎనిమిది మంది తేలకపోతే మన సంఘంలో ఎవరైనా ఇద్దరికి చోటుంది, మార్చి చివరికల్లా చెప్పండి.

బూట్లు అక్కడే కొందాం కొలత చెప్పమని బామ్మర్దిని అడిగాను. "గడ్డి మీదనే కదా బావా, చెప్పులు చాలవా?" అన్నాడు.