బంకు దగ్గర రెండు వందలు, ఇంట్లో వెయ్యి

విశాఖలో గాజువాక నుంచి సిరిపురం వైపు ఉద్యోగానికి వెళ్లేవాళ్లలో చాలామంది మల్కాపురం మీదుగానే పోతారు. రిఫైనరీ గొట్టం చివర మంట వాళ్లకి రోజూ కనిపిస్తూనే ఉంటుంది. 1957 నుంచి ముడిచమురు మన ఊళ్లో శుద్ధి అవుతోంది. అయినా మనకి పెట్రోలు చవగ్గా దొరకదు. రాష్ట్రం వేసే 31 శాతం వ్యాట్ (అమ్మకం పన్ను), లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు అన్నీ ధరలో కలుస్తాయి. పుదుచ్చేరి పాలన కింద ఉన్న యానాంలో పన్ను తక్కువ. కాకినాడ వైపు వాళ్లు అక్కడికెళ్లి ట్యాంకు నింపుకొస్తారు. మనకి ఆ వీలు లేదు.

ధర మన చేతిలో లేదు, సరే. మరి మన చేతిలో ఉన్నదేమిటి? ఈ ప్రశ్న నాకు 2022లో పట్టుకుంది. ఆ ఏడాది నాలుగు నెలలకు పైగా కదలని ధర మార్చి 22 నుంచి రెండు వారాల్లోనే లీటరుకి 10 రూపాయలకు పైగా పెరిగింది. ఆ మార్చి 22నే వంట గ్యాస్ సిలిండర్ కూడా 50 రూపాయలు పెరిగింది. నెలాఖరుకి చేతిలో వెయ్యి రూపాయలు తక్కువ పడ్డాయి. పెట్రోలు వల్లేనని తేల్చేసి, ముందుగా నేను చేసిన పని అర లీటరు పాల ప్యాకెట్టు ఒకటి మానెయ్యడం.

తర్వాత ఒక ఆదివారం పాల లెక్క రాసే క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, బండి లెక్క రాసి చూశాను. మా ఆయన ఆఫీసు, ఇంటి పనులు కలిపి నెలకి 900 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తుంది కాబట్టి 20 లీటర్లు. అంటే 10 రూపాయలు పెరిగితే మా బండి మీద పడింది 200 చిల్లర మాత్రమే. మిగతాదంతా వేరే దారుల్లో పోయింది. పిల్లల స్కూలు ఆటో నెలకి 200 పెరిగింది. కూరగాయలు డీజిల్ బండ్ల మీద రావాలి కాబట్టి సంచి బరువు అంతే ఉన్నా బిల్లు పెరిగింది. చివరికి చేపలు కూడా. హార్బర్ బోట్లకి డీజిల్, ఐస్ ఖర్చు పెరిగితే ఆ భారమంతా వంజరం ధరలోకి వచ్చి చేరుతుంది.

ఇంకో విషయం కూడా అప్పుడే అర్థమైంది. అదే ఏడాది మే 22 నుంచి కేంద్రం ఎక్సైజ్ సుంకం పెట్రోలుపై 8, డీజిల్‌పై 6 రూపాయలు తగ్గించింది. బంకు దగ్గర ధర తగ్గింది గానీ మా స్కూలు ఆటో మాత్రం పాత రేటుకి రాలేదు. అడిగితే టైర్లూ, ఇన్సూరెన్సూ అన్నాడు. అతని బాధ అతనిది, కాదనను. కానీ పెంచేటప్పుడు చెప్పే కారణం తగ్గాల్సినప్పుడు ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆటో అయినా, వాటర్ టిన్ అయినా, రేటు పెంచుతామన్న రోజే కూర్చుని మాట్లాడుకోవాలి. వీధిలో నలుగురు తల్లులం కలిసి అడిగితే ఆటో అతను వింటాడు, ఒక్కదాన్నే అడిగితే వినడు.

చాలా ఇళ్లలో పెట్రోలు డబ్బులు ముందు తీసి పక్కన పెడతారు, సర్దుబాటు మాత్రం వంటింట్లో జరుగుతుంది. ఇది తలకిందుల లెక్క. పాలు, గుడ్లు, పప్పు, మందులు ముందు పక్కన పెట్టాలి. పెట్రోలుకి రూపాయల్లో కాదు, లీటర్లలో హద్దు గీసుకోవాలి. ధర ఎంతయినా కానీ, ఈ నెల 16 లీటర్లే అనుకుంటే, ఏ ప్రయాణం అవసరం, ఏది కాదు అన్న ప్రశ్న తనంతట తనే వస్తుంది. మా ఇంట్లో బయటపడ్డది చూసి నాకే ఆశ్చర్యమేసింది. పది రూపాయల కొత్తిమీర కట్టకి ఒకసారి, మర్చిపోయిన జిరాక్స్ కాగితానికి మళ్లీ ఒకసారి, రోజుకి రెండుమూడు సార్లు బండి తీస్తున్నాం. టైర్లలో గాలి ఆఖరిసారి ఎప్పుడు చూశామో ఇద్దరికీ గుర్తు లేదు. గాలి సరిగా పెట్టించి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపితే మైలేజీలో తేడా కనిపించింది. రైతుబజారు వారానికి ఒకటే ట్రిప్. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు కాబట్టి నా పనులకి నేను బండి ఎక్కడం మానేశాను. మా ఆయన వారానికి రెండు రోజులు బస్సుకి వెళ్తున్నాడు. మొదట్లో గొణిగాడు, ఇప్పుడు అలవాటైంది.

అయితే ఇదంతా బస్సు దొరికే రోడ్డు పక్కన ఉన్నవాళ్లకి కుదిరే మాట. పెందుర్తి దాటి లోపలి లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లకి, రాత్రి షిఫ్టు చేసేవాళ్లకి బండి తప్ప దారి లేదు. వాళ్లని పొదుపు చెయ్యమనడం అన్యాయం. వ్యాట్ శాతం లెక్కన ఉంటుంది కాబట్టి ధర పెరిగినప్పుడల్లా సర్కారుకి వచ్చే పన్ను కూడా పెరుగుతుంది. అలా అదనంగా వచ్చిన సొమ్ములో కొంతయినా ఆ కాలనీల దాకా వెళ్లే చిన్న బస్సుల మీద ఖర్చు పెట్టమని మనం గట్టిగా అడగాలి. వార్డు సభల్లో రోడ్లు, డ్రైన్ల గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి.

మా ఇంట్లో పోయిన నెల 17 లీటర్లయింది. అనుకున్నదానికంటే ఒకటి ఎక్కువే. పాల ప్యాకెట్టు మాత్రం మళ్లీ వేయించుకుంటున్నాం.