సవరణ: యూపీఐ లైట్ పరిమితి 500 కాదు, 1,000

యూపీఐ లైట్ అంటే యూపీఐ యాప్‌లో ముందే కొంత డబ్బు వేసుకుని, చిన్న మొత్తాలను పిన్ లేకుండా చెల్లించే ఏర్పాటు. ఆ చిల్లర చెల్లింపుల గురించి ఇంతకుముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది అంకెలు. పిన్ లేకుండా ఒకసారికి 500 రూపాయలే వెళ్తాయని, లైట్‌లో 2,000 మించి ఉంచలేమని రాశాం. అవి పాతవి. 2022 సెప్టెంబరులో మొదలైనప్పుడు ఒక్కో చెల్లింపుకు 200, 2023 ఆగస్టులో 500 అయింది. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు దాన్ని 1,000కి, నిల్వను 5,000కి పెంచింది.

రెండోది అసలు ఇబ్బంది పెట్టేది. లైట్‌లో తగ్గిన మొత్తం బ్యాంకు ఖాతా నుంచి కలుస్తుందన్నాం. కలవదు. టీకి 15 ఇవ్వాలి, లైట్‌లో 12 ఉన్నాయనుకోండి. 12 ఇక్కడ, 3 అక్కడ అని విడగొట్టదు. మొత్తం 15 మామూలు యూపీఐలో, పిన్ కొట్టాకే వెళ్తాయి. 'పిన్ ఎందుకడుగుతోంది' అని కౌంటర్ దగ్గర తికమకపడేది ఇందుకే.

పాస్‌బుక్ గురించి కూడా స్పష్టంగా చెప్పాల్సింది. లైట్‌లోకి 500 వేసుకుంటే ఆ ఒక్క వరుసే అందులో కనబడుతుంది. తర్వాతి టీలు, ఆటో కిరాయిలు యాప్ హిస్టరీలోనే చూడాలి. ఆ చిన్న పద్దులన్నీ బ్యాంకు ప్రధాన సర్వర్ మీద పడకూడదనే ఈ ఏర్పాటు.

ఫోన్ మార్చేముందు లైట్‌ను ఆపేయండి; మిగిలింది ఖాతాలోకి తిరిగొస్తుంది. మరిచిపోయి ఫోన్ రీసెట్ చేస్తే ఆ డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరగాల్సి రావచ్చు. పిన్ ఉండదు కాబట్టి ఫోన్‌కు లాక్ తప్పనిసరి.