మెడికేర్ రాని చోటికీ వచ్చే డబ్బు

నవంబరు వచ్చిందంటే అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ: ఈసారి ఏ హెల్త్ ప్లాన్ తీసుకోవాలి? చాలామంది ప్రీమియం తక్కువున్నదానికి టిక్కు పెట్టేస్తారు. దాంతోపాటు వచ్చే హెల్త్ సేవింగ్స్ అకౌంటులో నెలనెలా కొంత వేస్తారు. ఆ కార్డును పిల్లాడి జ్వరానికి, కళ్లజోడుకు గీకేస్తారు. డిసెంబరుకల్లా ఖాతా ఖాళీ. చేతిలో వెసులుబాటున్న వాళ్లు ఈ అలవాటు మానుకుంటే మంచిదని మేమంటున్నాం.

2003 డిసెంబరులో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువారికి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) చట్టంతో వచ్చిన ఖాతా ఇది. డిడక్టిబుల్, అంటే బీమా చెల్లింపు మొదలయ్యేలోపు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం, ఎక్కువున్న ప్లాన్లకే వర్తిస్తుంది. వేసేటప్పుడు ఫెడరల్ పన్ను లేదు, పెరిగినదానిపై లేదు, వైద్యానికి తీసుకుంటే అప్పుడూ లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ మాత్రం రాష్ట్ర పన్నులో ఈ మినహాయింపు ఇవ్వవు. మనవాళ్లు వెతుక్కుని మరీ స్థిరపడ్డది అక్కడే! 2026లో ఒక్కరికైతే 4,400 డాలర్లు, కుటుంబానికైతే 8,750 డాలర్ల దాకా వేసుకోవచ్చు. 55 దాటితే ఇంకో వెయ్యి. దీన్ని ఎఫ్ఎస్ఏ (వైద్యఖర్చులకు కంపెనీ ద్వారా తెరిచే మరో రకం ఖాతా) అనుకుని, ఏడాది దాటితే మురిగిపోతుందని కంగారుగా ఖర్చుపెట్టేవాళ్లూ ఉన్నారు. ఇది మురిగిపోదు. ఉద్యోగం మారినా మీదే.

ముసలితనంలో దీని అవసరం తెలుస్తుంది. 65 ఏళ్లకు మెడికేర్ వస్తుంది కానీ, మామూలు మెడికేర్ పళ్లకు, కళ్లజోళ్లకు, చెవి మిషన్లకు డబ్బివ్వదు. పైగా అది సముద్రం దాటదు. రిటైరయ్యాక ఆరు నెలలు డల్లాస్‌లో, ఆరు నెలలు గుంటూరులో గడుపుదామనుకునే జంటలు ఎన్నో. గుంటూరులో మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే మెడికేర్ నుంచి పైసా రాదు. ఈ ఖాతాలోని డబ్బు మాత్రం ఆ బిల్లుకూ పనికొస్తుంది.

అలాగని గుంటూరులో ఉన్న అమ్మానాన్నల వైద్యానికి వాడదామంటే కుదరదు. అమెరికా పౌరులో, అక్కడి నివాసులో కాని తల్లిదండ్రులను అక్కడి చట్టం మీ డిపెండెంట్లుగా లెక్కలోకి తీసుకోదు. తెలియక తీస్తే పన్నుతోపాటు, 65 నిండని వాళ్లకు 20 శాతం జరిమానా కూడా.

రసీదుల సంగతి మరీ ముఖ్యం. ఖాతా తెరిచాక పంటికి క్యాప్ వేయించుకుని ఆ బిల్లు జేబులోంచి కట్టారనుకోండి. రసీదు ఉంటే పదిహేనేళ్ల తర్వాతైనా అంత మొత్తం పన్ను లేకుండా తీసుకోవచ్చు, గడువంటూ లేదు. కానీ చాలాచోట్ల ఇచ్చేది ఆ నున్నటి మిషన్ కాగితం. సొరుగులో పడేస్తే రెండు మూడేళ్లకు తెల్లకాగితమే మిగులుతుంది. అందుకే అక్కడికక్కడే ఫోన్లో ఫొటో తీసుకోవాలి. 65 దాటాక కూడా ఉద్యోగంలో కొనసాగేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: మెడికేర్ ఆలస్యంగా తీసుకుంటే ఆరు నెలల దాకా వెనకటి తేదీతో మొదలవుతుంది. మెడికేర్ ఉన్న నెలల్లో ఈ ఖాతాలో వేయకూడదు కాబట్టి, దానికి దరఖాస్తు చేయడానికి ఆరు నెలల ముందే వేయడం ఆపేయాలి.

ఇంత చెప్పాక, వాషింగ్టన్ పెద్దలతో మాకో పేచీ ఉంది. 2025 జులైలో వచ్చిన చట్టంతో 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లోని (కంపెనీ బీమా లేనివాళ్లు సొంతంగా ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వేదిక) బ్రాంజ్ ప్లాన్లవారూ, అంటే ప్రీమియం తక్కువ, డిడక్టిబుల్ ఎక్కువ ఉన్న ప్లాన్లు తీసుకున్నవారూ, ఈ ఖాతా తెరవొచ్చు. సంతోషమే. కానీ అదే మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియాలకిచ్చే అదనపు సబ్సిడీలు 2025తోనే అయిపోయాయి. గిన్నె చేతికిచ్చి బియ్యం లాక్కున్నట్టుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంట్లో ఈ ఖాతా నిండుతుంది. పెట్రోలు బంకులో గంటల లెక్కన పనిచేస్తూ షుగరు మందులు కొనుక్కునే మనిషి ఏం దాస్తాడు? డిడక్టిబుల్‌కు భయపడి రక్తపరీక్షను వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాడు. అతనికి కావాల్సింది పొదుపు పాఠం కాదు, ఈ నెల ప్రీమియం కట్టగలగడం.