పెనాల్టీ కార్నర్ ఒక్కడి పని కాదు

పెద్ద టోర్నీలో భారత హాకీ జట్టు ఓడిన మర్నాడు హైదరాబాద్‌లో ఏ మైదానం గట్టు మీద చూసినా ఒకటే చర్చ. ఎదుటివాళ్ల తప్పుకు దక్కే పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లికర్ ఎన్ని కార్నర్లు వృథా చేశాడని. 2023 ప్రపంచకప్ తర్వాత మన ఫ్లికర్ హర్మన్‌ప్రీత్ సింగ్‌ను అలాగే ఆడిపోసుకున్నారు. 2026 ఆగస్టు 15 నుంచి 30 దాకా నెదర్లాండ్స్, బెల్జియంలలో జరిగే ప్రపంచకప్‌ను కూడా ఆ లెక్కతోనే చూస్తే అసలు విషయం కంటికి ఆనదు. ఫ్లిక్ కంటే ముందు గడిచే ఒకటి రెండు సెకన్లలోనూ, ఎదుటివాళ్ల కార్నర్‌ను ఆపే చోటా మనం పోగొట్టుకుంటున్నదే ఎక్కువ.

2023లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. పూల్‌లో మనకూ ఇంగ్లండ్‌కూ చెరి 7 పాయింట్లు. స్పెయిన్‌పై 2-0, ఇంగ్లండ్‌తో 0-0, వేల్స్‌పై 4-2. మన గోల్స్ తేడా 4, ఇంగ్లండ్‌ది 9. దాంతో వాళ్లు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లారు, మనం క్వార్టర్స్ చేరడానికి క్రాస్‌ఓవర్ అనే అదనపు మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. అక్కడ న్యూజిలాండ్‌పై 3-1తో ముందున్నవాళ్లం 3-3కు దిగజారి, షూటౌట్‌లో 4-5తో ఇంటిదారి పట్టాం. మన మూడు గోల్స్‌లో రెండు పెనాల్టీ కార్నర్లవే. న్యూజిలాండ్ 43, 49 నిమిషాల్లో కొట్టి స్కోరు సమం చేసిన రెండూ కార్నర్లవే! ఫ్లికర్‌ను తిట్టినంత గట్టిగా ఆ రెండింటినీ ఎందుకు ఆపలేకపోయామని ఎవరూ అడగలేదు.

కార్నర్ ఇవ్వగానే గడియారం 40 సెకన్లు ఆగుతుంది. గోల్‌పోస్టుకు కనీసం 10 మీటర్ల దూరంలో బ్యాక్ లైన్ మీద బంతి పెట్టి ఇంజెక్టర్ తోస్తాడు. అతని ఒక పాదమైనా మైదానం బయట ఉండాలి. గోల్ ముందు గీసే అర్ధవృత్తం లాంటి డీ అంచు గోల్‌కు 14.63 మీటర్లు. బంతిని ఆపి ఫ్లికర్‌కు అందించే స్టాపర్ దానికి కాస్త బయట కాచుకుని ఉంటాడు కాబట్టి బంతి ఏటవాలుగా 19 మీటర్ల దాకా పరుగెత్తాలి. అది డీ దాటి బయటికి వచ్చాకే గోల్‌కు కొట్టాలి.

తడబాటంతా ఇక్కడే. బంతి ఎక్కడ ఆగుతుందో ముందే అంచనా వేసుకుని ఫ్లికర్ పరుగు మొదలెడతాడు. కర్ర కొక్కేనికి కొంచెం పైన బంతిని ఆనించుకుని, ఎడమ పాదం పొడుగ్గా ముందుకు వేస్తూ ఈడ్చి విసరాలి. స్టాపర్ దగ్గర బంతి జానెడు వెనక ఆగినా, ఆగీ ఆగక కదులుతున్నా ఆ అడుగు కురచైపోతుంది. బంతి లేవదు, గోల్‌కీపర్ ప్యాడ్లకో, అడ్డుకోవడానికి ఎదురు ఉరికే రషర్ కాళ్లకో తగులుతుంది. టీవీలో మాత్రం ఫ్లికర్ ముఖమే చూపిస్తారు.

నేరుగా కొట్టే తొలి హిట్ గోల్‌లైన్ దాటేటప్పుడు 460 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, 2.14 మీటర్ల ఎత్తు గోల్ మొత్తం దానికి తెరిచే ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వదిలితే డీ అంచు నుంచి గోల్‌కు చేరడానికి పట్టేది దాదాపు అర సెకను. గోల్‌కీపర్ చూసి స్పందించేలోపే బంతి లోపల ఉంటుంది.

అందుకే మొదటి రషర్ అంత ముఖ్యం. కీపర్‌తో కలిపి ఆపేవాళ్లు ఐదుగురే. రషర్ గోల్ గీత నుంచి ఫ్లికర్ మీదికి ఉరికి ఒక వైపు మూసేస్తే, రెండో వైపు కీపర్‌దీ పోస్టు దగ్గర నిలబడ్డవాడిదీ. ఎవరు ఏ వైపో ముందే ఒప్పందం ఉండాలి. షాట్‌కు ఐదు మీటర్ల లోపు ఉన్న రషర్‌కు బంతి మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్. మోకాలికో ఆపైనో తగిలితే ప్రమాదకర షాట్ కింద ఆపేవాళ్లకే ఫ్రీ హిట్. తొందరపడి ముందే గీత దాటితే అతన్ని సెంటర్ లైన్ అవతలికి పంపేస్తారు, అతని బదులు ఇంకొకరు రారు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటి రషర్ లేని లోటు కళ్లకు కట్టింది. క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్‌పై 17వ నిమిషంలో రెడ్ కార్డు పడటంతో, మన ప్రధాన రషర్ అమిత్ రోహిదాస్ సెమీస్‌కు దూరమయ్యాడు. జర్మనీ తొలి గోల్ 18వ నిమిషంలో గొంజాలో పెయాట్ పెనాల్టీ కార్నర్‌తోనే వచ్చింది. 2-3తో ఓడాం. ఓటమికి అదొక్కటే కారణమని అనను. కానీ ఆ స్థానానికి రెండో మనిషిని తయారుచేసుకోకుండా ఒలింపిక్స్‌కు వెళ్లడం ప్రణాళికలో లోపమే. అదే హర్మన్‌ప్రీత్ ఆ టోర్నీలో 10 గోల్స్‌తో టాప్ స్కోరర్. స్పెయిన్‌పై 2-1తో గెలిచిన కాంస్య పోరులో రెండు గోల్సూ అతనివే.

మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ మన ఊరివాడే. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 3-1తో పాకిస్థాన్‌ను ఓడించిందీ హైదరాబాద్‌లోనే. ఇప్పుడు హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఉంది, 2025 ఫైనల్ దాకా వెళ్లింది, కానీ ఆ ఫైనల్ జరిగింది రౌర్కెలాలో. ఇక్కడి పిల్లల్లో చాలామంది మట్టి మైదానాల్లోనే నేర్చుకుంటారు. స్టాపర్ కర్రను దాదాపు నేలకు పరిచి పట్టాలి. మట్టి మీద బంతి ఎగిరి కర్ర మీదుగా పోతుంది, డ్రాగ్ చేయబోతే గులకరాయి అడ్డుపడుతుంది.

టర్ఫ్ (కృత్రిమ పచ్చిక) మీద గంట దొరికితే కోచ్‌లు దాన్ని మ్యాచ్‌కే ఖర్చు చేయకూడదు. ఇంజెక్షన్, స్టాప్ సాధనకు 20 మీటర్ల పట్టీ, ఇద్దరు పిల్లలు చాలు, కీపర్ అక్కర్లేదు. డీ బయట అడుగు ఎడంతో రెండు కోన్లు పెట్టి, బంతి వాటి మధ్య నుంచి వచ్చిందా, కర్ర దగ్గర కదలకుండా ఆగిందా అన్నవి వేర్వేరుగా రాసుకోవాలి. గోల్ పడిందా లేదా అన్నది మూడో గడి. మొదలెట్టే ముందు నీళ్లు చల్లాలి, పొడి టర్ఫ్ మీద ఇంజెక్షన్ మందగిస్తుంది కాబట్టి అక్కడ అలవాటైన అడుగుల లెక్క మ్యాచ్‌లో తప్పుతుంది. రషర్ సాధన మెత్తటి బంతులతో మొదలుపెట్టాలి. మాస్కు, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు లేని పిల్లవాణ్ని అసలు బంతితో వేసే ఫ్లిక్‌కు ఎదురు పంపనే కూడదు.