గుడిమల్లానికి వీసా పెట్టండి

తిరుపతి వాళ్ళకు భక్తి తక్కువనీ, కొండాకోనల మీద ఆసక్తి అసలే లేదనీ బయటూళ్ళ చుట్టాలు అప్పుడప్పుడూ ఎత్తిపొడుస్తుంటారు. ఇది శుద్ధ అన్యాయం. మాకు రెండూ దండిగా ఉన్నాయి. కాకపోతే పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డాకే బయటికొస్తాయి. మా కాలనీ సంఘం ఈ మధ్య చేసిన బాలి యాత్రలో ఈ సంగతి దగ్గరుండి గమనించాను. ప్రభుత్వం దృష్టికి తేవడం పౌరుడిగా నా ధర్మమనిపించి రాస్తున్నాను. కిందెక్కడో ఒక ప్రతిపాదన కూడా ఉంది, అధికారులు అక్కడిదాకా ఓపిక పట్టాలని మనవి.

యాత్ర కరపత్రం మీద "గుళ్ళు, జలపాతాలు, అగ్నిపర్వత సీమలు" అని రంగుల్లో అచ్చేశారు. ఏడుకొండల కింద కాపురముంటూ గుడి కోసం, నీటిధార కోసం, కొండ కోసం ఇండోనేషియా పోవడమేందని ఒక్కరికీ అనుమానం రాలేదు. రాకపోవడమే సబబు. ఇంటి పక్కనుండేదాన్ని చూడ్డానికి పోతే అది యాత్ర ఎట్లవుతుంది? పని అవుతుంది. మావాళ్ళకు తిరుమల అంటే చుట్టాలకు రూము చూడటం, లడ్లు తెప్పించడం, ఎవరో ఒక పెద్దమనిషి లెటరు పట్టుకోవడం. కాణిపాకం అంటే కొత్త బండికి పూజ. శ్రీకాళహస్తి అంటే జాతకం చూసినాయన చెప్పిన రాహుకేతు పూజ. అలిపిరి మెట్లు 3,550 అని చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు, బయటి భక్తులు అడిగితే చెప్పాలి కదా. మీరెప్పుడు ఎక్కినారంటే మాత్రం "పెళ్ళికి ముందు" అని గొంతు తగ్గిస్తారు.

సన్నాహాల గురించి ఎక్కువ చెప్పను. రాగిపిండి, చెనిక్కాయల ఊరిబిండి, పులిహోర గొజ్జు, బొరుగుల ఉండలు. బెంగుళూరు విమానాశ్రయంలో తూకం దాటితే చొక్కాలు తీసేశారు గానీ ఊరిబిండి తీయలేదు. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు.

బాలిలో విదేశీ పర్యాటకుల దగ్గర 2024 ఫిబ్రవరి నుంచి మనిషికి 1,50,000 రుపియాల పన్ను తీసుకుంటున్నారు. మన లెక్కలో సుమారు 800 రూపాయలు. మావాళ్ళు ఒక్కరూ కిమ్మనలేదు. పైగా "చూసినావా, పద్ధతంటే ఇదీ" అని మెచ్చుకున్నారు. ఇదే మనుషులు తలకోన జలపాతం గేటు దగ్గర కారుకు, మనిషికి టికెట్టంటే అద్దం దించి "మేం లోకలప్పా" అని గొడవకు దిగుతారు.

అసలు కథ లెంపుయాంగ్ గుడిలో మొదలైంది. తూర్పు బాలిలో కొండ మీదుంది. నిలువునా రెండుగా చీల్చి పక్కకు జరిపినట్టుండే రాతి ద్వారం, దాని నడుమ దూరంగా అగుంగ్ అగ్నిపర్వతం. అక్కడ నిలబడి ఫొటో దిగితే కాళ్ళ కింద నీళ్ళలో మన నీడ పడినట్టు వస్తుంది. నిజానికి అక్కడ చుక్క నీరు లేదు. ఫొటో తీసే మనిషి ఫోను కింద చిన్న అద్దం ముక్క పెడతాడు, అంతే. దీనికోసం టోకెన్ తీసుకుని, మన నెంబరు పిలిచేదాకా కూర్చోవాలి.

టోకెన్ అనే మాట వినగానే మా కాంట్రాక్టరన్న చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. సగం జిల్లాకు దర్శనం లెటర్లు ఇప్పించే మనిషి. "ఈడ మనకు తెలిసినోళ్ళు ఎవురన్నా ఉండారా?" అని గైడును అడిగాడు. గైడు "ఏ విషయంలో సార్?" అన్నాడు పాపం. ఏ విషయంలో అని అడిగే మనిషిని అన్న జీవితంలో మొదటిసారి చూశాడు. మారుమాట లేకుండా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

పొద్దున కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. కునుకు తీశారు, పక్క వరస పిల్లలకు బొరుగుల ఉండలు పంచారు, ఒక ఫ్రెంచావిడకు ఊరిబిండి చేసే విధానం చెప్పారు. ఎవరూ విసుక్కోలేదు. వైకుంఠం కాంప్లెక్సులో ఒక గంట కూర్చోమంటే మానవ హక్కుల దాకా వెళ్ళే మనుషులు వీళ్ళేనా అని నాకే నమ్మబుద్ధి కాలేదు. చివరికి నెంబరు పిలిచారు. నిలబడు, చేతులెత్తు, ఒకసారి ఎగురు, అయిపోయింది, జరుగు. ఆ "జరుగు"ను ఏ భాషలో చెప్పినా తిరుపతి మనిషి గుర్తుపడతాడు. ఎవరూ తోయకముందే జరిగారు.

దీన్ని వెటకారంగా చూడొద్దని పాఠకులకు మనవి. తిరుమలలో గంటల కొద్దీ కూర్చుని చివరికి చూసేది దేవుణ్ణి. అక్కడ గంటల కొద్దీ కూర్చుని చూసేది అద్దంలో మనల్ని. రెండోదానికి ఓపిక ఎక్కువ పుట్టడం మానవ సహజం. అగుంగ్ ఆ రోజు మబ్బుల్లో దాక్కుంది. అది లేని సంగతి హోటలుకు పోయి ఫొటోలు పెద్దవి చేసి చూసుకునేదాకా ఎవరూ గమనించలేదు. 1963లో ఆ కొండ పేలి వెయ్యి మందికి పైగా చనిపోయారనీ, దాని ఒళ్ళోనే ఉన్న బెసాకి మహాలయాన్ని తాకకుండా లావా కాస్త పక్కనుంచి పోయిందనీ గైడు చెబుతుంటే, మా కార్యదర్శి "ఈ ఫొటోలో నా పొట్ట కనిపిస్తా ఉందా?" అని అడిగాడు. కొండ పైన అసలు గుడి ఇంకోటుంది, సుమారు 1,700 మెట్లు ఎక్కాలన్నాడు గైడు. మావాళ్ళు నవ్వారు. "మాకు 3,550 ఉన్నాయి నాయనా" అని గర్వంగా చెప్పి బస్సెక్కారు.

తర్వాత తీర్థ ఎంపుల్. 10వ శతాబ్దం నాటి ఊట గుడి. కోనేట్లో వరసగా ధారలు పడుతుంటాయి. భక్తులు ఒకదాని కింద తల పెట్టి, మొక్కుకుని, పక్కదానికి జరుగుతారు. ప్రతి ధార ముందూ జనమే. రెండు ధారల దగ్గర మాత్రం ఎవరూ లేరు. ఖాళీ కనబడితే తిరుపతి రక్తం ఊరుకోదు. కల్యాణ మండపం ఓనరు గారు "బ్రేక్ దొరికింది రా బావా" అని అరిచి ఒకదాని కింద తల పెట్టేశారు, రెండోదాని కింద ఆయన బావమరిది. గైడు నీళ్ళలోనే పరిగెత్తుకొచ్చాడు. ఆ రెండు ధారలూ చనిపోయినవాళ్ళ కర్మకాండలకు కేటాయించినవట, బతికున్నవాళ్ళు వదిలేసి ముందుకు పోవాలట. ఆ రాత్రి ఓనరు గారు భోంచేయలేదు. తిరుపతిలో పురోహితుడికి ఫోన్ చేసి "కపిలతీర్థంలో స్నానం చేస్తే సరిపోతుందా స్వామీ?" అని అడిగారు. కపిలతీర్థం ఆయన ఇంటికి నడిచిపోయేంత దూరం. మొత్తానికి బాలి పుణ్యమా అని ఒక తిరుపతి వాసి కపిలతీర్థంలో మునిగాడు. పర్యాటక శాఖ దీన్ని రికార్డుల్లోకి ఎక్కించుకోవాలి.

జలపాతాల దగ్గర ఆగను. సెకుంపుల్ ఎత్తు సుమారు 80 మీటర్లు. మన తలకోన 270 అడుగులు, అంటే 82 మీటర్లు. వందల మెట్లు దిగి, మోకాళ్ళు పట్టుకుని నిలబడి, "ఇంత పైనించి నీళ్ళు పడటం పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు" అన్నారొకావిడ. ఆవిడ పుట్టిల్లు భాకరాపేట. తలకోన పోయే బస్సులు ఆ ఊరి మీదుగానే పోతాయి.

ఇక అగ్నిపర్వత సీమ. కింతామణి దగ్గర పెద్ద బిలం, అంచు మీద హోటళ్ళు, లోపల 1,717 మీటర్ల బతూర్ కొండ, దాని పక్కన చెరువు, చెరువు పక్కన నల్లగా గడ్డకట్టిన లావా. కొండకు ఎదురుగా బఫే. 1926లో లావా వచ్చి కింద ఊరినీ గుడినీ కప్పేస్తే, జనం పైకొచ్చి అంచు మీద గుడి మళ్ళీ కట్టుకున్నారు. ఆ గుడి చెరువు దేవతది. బాలిలో పొలాలకు నీళ్ళు ఎవరికెప్పుడు వదలాలో రైతు సంఘాలు, నీటి గుళ్ళు కలిసి తేలుస్తాయి. ఆ పద్ధతిని సుబక్ అంటారు. 2012లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. గైడు ఇదంతా మైకులో చెబితే, నీటిపారుదల శాఖలో రిటైరైన మా ఇంజనీరు గారి కళ్ళు చెమర్చాయి. "గుడినీ సేద్యాన్నీ ఇట్ల ముడేసినోళ్ళు ప్రపంచంలో ఇంకెవురూ లేరు" అని లేచి చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

15, 16 శతాబ్దాల్లో, విజయనగర రాజుల కాలంలో, తిరుమల గుడికి భక్తులిచ్చిన సొమ్ముతో గుడి ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వించేవారు. దానివల్ల పెరిగిన పంటలోంచి దాత పేరున స్వామికి నైవేద్యం జరిగేది, ప్రసాదంలో దాతకు వాటా వచ్చేది. అంటే స్వామికిచ్చిన డబ్బు కాలువై పారి, వరై పండి, ప్రసాదమై తిరిగొచ్చేది. ఇది నా కవిత్వం కాదు. కొండ మీద గోడల రాళ్ళ మీద చెక్కి ఉంది, దేవస్థానం ఆ శాసనాలను పుస్తకాలుగా అచ్చు కూడా వేసింది. ఈ మాట ఇంజనీరు గారితో అందామనుకున్నాను. పకోడీలు వేడిగా ఉన్నాయి, వదిలేశాను.

చెరువుల మాటకొస్తే, చెరువుకో నీరుగంటి, మడి మడికీ వంతు ప్రకారం నీళ్ళు వదలడం చిత్తూరు పల్లెల్లో ముసలివాళ్ళకు ఇంకా గుర్తే. ఇంజనీరు గారి సొంతిల్లు అలాంటి ఒక చెరువు కడుపులోనే ఉంది. అప్రూవ్డ్ లేఅవుట్టేనని ఆయన అంటారు. 2021 నవంబరు వానల్లో చెరువు తన సర్వే నెంబరు వెతుక్కుంటూ వాళ్ళ హాలు దాకా వచ్చింది. సార్ డాబా మీదికెక్కి ప్రభుత్వ నిర్లక్ష్యం గురించి ఒక టీవీ ఛానల్‌తో మాట్లాడారు.

బతూర్ బిలం సుమారు 29,000 ఏళ్ళ కిందట ఏర్పడిందని గైడు చెబితే మావాళ్ళు నోళ్ళు తెరిచారు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒక రాతి అంచుంది. కింద 250 కోట్ల ఏళ్ళు దాటిన రాయి, దాని మీద నేరుగా సుమారు 160 కోట్ల ఏళ్ళ నాటి రాయి. నడుమ ఉండాల్సిన 80 కోట్ల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఏమైందో ఆ కొండకే తెలియాలి. భూగర్భ శాస్త్రవేత్తలు దేశం నలుమూలల నుంచి వచ్చి దాన్ని ముట్టుకుని పోతారు. మావాళ్ళకు ఆ చోటు బాగా పరిచయమే. అటూఇటూ మలుపుల్లో నిమ్మకాయ వాసన చూసి కళ్ళు మూసుకుంటారు.

ఇప్పుడు ప్రతిపాదన. తిరుపతికి గంట దూరంలో, పాపానాయుడుపేట దాటాక గుడిమల్లం ఉంది. పరశురామేశ్వరుడి గుడి. క్రీస్తుపూర్వం నాటిదని చాలామంది చరిత్రకారులు చెప్పే లింగం, దాని ముందు భాగంలో మరుగుజ్జు భుజాల మీద నిలబడ్డ శివుడు. దేశంలో అంత పాత శివలింగాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా దొరకవు. దీనికున్న ఒకే ఒక్క లోపం, పోవడం తేలిక కావడం. ఆటో పోతుంది. ఇట్లాంటి దానికి జనం ఎందుకొస్తారు?

కాబట్టి గుడిమల్లానికి వీసా పెట్టాలి. తిరుపతి నుంచి నేరుగా పోనివ్వకూడదు. బెంగుళూరు పోయి, రాత్రంతా విమానాశ్రయంలో కుర్చీలో నిద్రపోయి, తిరిగి రావాలి. పాపానాయుడుపేటలో ఇమిగ్రేషన్ కౌంటర్ పెట్టి, "ఎందుకొచ్చారు, ఎన్ని రోజులుంటారు" అని ముఖం చిట్లించి అడగాలి. గుడి ముందు నడుముకు కట్టుకునే రంగు గుడ్డ అద్దెకివ్వాలి. సొంత పంచె ఉన్నవాళ్ళ దగ్గర కూడా అద్దె వసూలు చేయాలి, లేకపోతే గౌరవం ఉండదు. తలకోనలో లోకల్ వాళ్ళకు విదేశీ రేటు పెట్టాలి, డాలర్లలో అయితే మరీ మంచిది. తిరుమల మీద ప్రకృతే కట్టిపెట్టిన శిలాతోరణం ఉంది. ద్వారం సిద్ధంగా ఉన్నట్టే, ఒక అద్దం ముక్క, ఒక టోకెన్ కౌంటర్ చాలు. బయటి రాష్ట్రాల యాత్రికులకు మాత్రం ఇవేవీ వర్తించకూడదు. వాళ్ళు ఎట్లాగూ చూస్తున్నారు.

ఈ ప్రతిపాదన వల్ల లాభం ఉంటుందా అని అనుమానించేవాళ్ళకు తాజా రుజువొకటి. పోయిన వారం బాలి గైడు మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. తిరుపతి వస్తున్నాడట. గుడి, జలపాతం, కొండ ఎవరైనా దగ్గరుండి చూపిస్తారా అని అడిగాడు. నిమిషంలో ముగ్గురు లెటరు ఇప్పిస్తామన్నారు. లెటరు వద్దు, అలిపిరి నుంచి మెట్ల మీద నడిచిపోవాలనుంది, తోడెవరు వస్తారన్నాడు. గ్రూపులో అందరూ చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. ఎవరూ పలకలేదు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి బీపీ, కాంట్రాక్టరన్నకు ఆ రోజు కొండ మీదే పనుందట, కారులో.

గైడు తెలివైనవాడు. మర్నాడు పొద్దున ఒక కరపత్రం పంపాడు. "తిరుపతి ప్రత్యేక యాత్ర: 3,550 మెట్లు, తలకోన, గుడిమల్లం. బాలి గైడుతో. జెండా, టోపీ, గ్రూపు ఫొటో ఉచితం." కింద మనిషికి ఇంత అని రుపియాల్లో రాశాడు, చాలా సున్నాలున్నాయి. మధ్యాహ్నానికల్లా సీట్లన్నీ నిండిపోయాయి. కాంట్రాక్టరన్న కుటుంబ సమేతంగా ముందు వరసలో ఉన్నాడు. నాకు వెయిటింగ్ లిస్టు వచ్చింది. ఆ గైడు దగ్గర పలుకుబడి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక లెటరు ఇప్పించగలరు.