కలివికోడికి సముద్రం అక్కర్లేదు

చలికాలం వచ్చిందంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పొడవునా కార్లు ఆగుతాయి. 2022 జిల్లాల విభజనలో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాకు పోయినా, నెల్లూరోళ్ల నోట పులికాట్ సరస్సు ఇంకా మనదే. ఫ్లెమింగోలను చూశాక చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. శ్రీహరికోట కూడా దీవే కదా, అండమాన్‌లో మాదిరి ఇక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని పక్షి ఏదైనా ఉందా అని.

లేదు. ఎందుకు లేదో తెలిస్తే, అలాంటి పక్షిని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

ఒక్క ప్రాంతానికే పరిమితమైన జాతిని ఎండెమిక్ అంటారు. అండమాన్‌కు తూర్పున నార్కొండం అనే అగ్నిపర్వత దీవి ఉంది. విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల లోపే. నార్కొండం హార్న్‌బిల్ ప్రపంచంలో ఆ ఒక్క దీవిలోనే ఉంది. శ్రీహరికోట దానికి ఇరవై రెట్లకు పైగా పెద్దది. కానీ అది అలలు పోసిన ఇసుక దిబ్బ, వయసు తక్కువ. పక్కనున్న పులికాట్‌ను కొంగ నిమిషాల్లో దాటేస్తుంది. రాకపోకలు తెగని చోట కొత్త జాతి పుట్టదు.

రాకపోకలను తెంచేది సముద్రమే అనుకుంటే అదీ పొరపాటే. శ్రీలంకలో ముప్పైకి పైగా ఎండెమిక్ పక్షులున్నాయి. మంచుయుగాల్లో సముద్రమట్టం తగ్గినప్పుడల్లా ఆ దీవికీ మనకూ మధ్య నేల తేలింది. నడిచి రావడానికి దారి ఉన్నా, సింహరాజ వంటి నైరుతి వానల అడవుల జీవులు చాలావరకు అక్కడే ఉండిపోయాయి. మధ్యలో ఉన్న ఎండు మైదానం వాటికి సముద్రమంత అడ్డం అయింది. దీవి అంటే చుట్టూ నీళ్లే ఉండాలని లేదు. ఆ జీవి బతకలేని నేల ఉన్నా చాలు.

ఈ లెక్కన మన దీవి పడమట ఉంది. వెలిగొండల చుట్టూ పరుచుకున్న చిట్టడవి అది. కలివికోడి ఆ చిట్టడవి పక్షి. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ దాన్ని వెలుగులోకి తెచ్చాడు, 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. 1900 తర్వాత జాడ లేకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పొడవు జానెడు కంటే కాస్త ఎక్కువ, ఎదపై రెండు గోధుమరంగు పట్టీలు, రాత్రి తిరగడానికి తగ్గ పెద్ద కళ్లు. ఎగరగలదు గానీ పరుగెత్తడమే దాని అలవాటు.

దాని చిట్టడవికి ఒక కొలత ఉంది. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకంటే పొట్టివి 1000 లోపు ఉన్నచోట్లే దాని అడుగుజాడలు ఎక్కువగా కనిపించాయని పరిశోధకులు తేల్చారు. ఎకరాకు చూస్తే పెద్ద పొదలు సుమారు 120 నుంచి 280. తుమ్మ, రేగు, కలివి పొదలు, వాటి మధ్య ఒట్టి నేల. ఆ ఒట్టి నేలమీదే అది చెదలూ పురుగులూ ఏరుకుంటుంది. కట్టెలకు నరికేసి, మేకలను విపరీతంగా తోలితే దాక్కునే చాటు పోతుంది. మేపు పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని పరుగెత్తే దారి మూసుకుపోతుంది. అందుకే చుట్టూ కంచె వేసి వదిలేయడం దీనికి రక్షణ కాదు. కాస్త మేపు ఉండాలి, అది మితిమీరకూడదు. మన అటవీ చట్టాలకు ఈ నడిమి మాట మింగుడుపడదు.

మొక్కలు నాటడమైతే మరీ ప్రమాదం. రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి నేల బీడు. అటవీ లెక్కల్లో క్షీణించిన అడవి. మొదటి పేరుతో నిమ్మతోటలకు, కాలువలకు పోతుంది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి నివాసంలోకే చొరబడింది. తర్వాత దారి మళ్లించారు. రెండో పేరుతో గుంతలు తీసి చెట్లు పెడతారు, పచ్చబడిందని ఫోటో తీస్తారు. పచ్చబడితే అది కలివికోడి ఇల్లు కాకుండా పోతుంది.

పులికాట్‌ను తక్కువ చేయడం లేదు. దగ్గరలోని నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్లమీద గూడబాతులు పిల్లలను లేపడం చిన్న విషయమేమీ కాదు. ఈశాన్య రుతుపవనం ముఖం చాటేస్తే చెరువు ముందే ఎండి, గూళ్లకు నీటి కాపలా పోతుంది. చూడబోయేవాళ్లకు ఒక మాట: శ్రీహరికోట రోడ్డు తూర్పుకు సాగుతుంది, చలికాలపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు. ఉత్తరం వైపు చూస్తే ఫ్లెమింగో రెక్కల గులాబీ తెలుస్తుంది, దక్షిణం వైపు నల్లటి నీడలే. పొద్దెక్కితే ఆవిరి కదలాడి బైనాక్యులర్ దండగ. అయితే అక్కడి ఫ్లెమింగోకు నీళ్లు నచ్చకపోతే ఇంకో సరస్సు ఉంది. కలివికోడికి ఇంకో చిట్టడవి లేదు. పండగలూ, ప్రచారమూ, డబ్బూ మాత్రం ఫ్లెమింగో వెంటే పోతున్నాయి.

వెలిగొండల తూర్పు వాలులో కొంత భాగం నెల్లూరు జిల్లాది. పెనుసిల నరసింహ అభయారణ్యం అక్కడే ఉంది. ఈ పక్షి ఉన్నదీ లేనిదీ తేల్చే పద్ధతి ఖరీదైనదేమీ కాదు. పొదల మధ్య జానెడు వెడల్పున మట్టి గుల్లచేసి, చదునుచేసి, తెల్లారి అడుగుజాడలు చూస్తారు. మట్టి గట్టిపడితే అచ్చు పడదు, వాన పడితే చెరిగిపోతుంది. అందుకే పొడి రోజులు ఎంచుకుని ఎప్పటికప్పుడు తిరగేయాలి. కలివికోడి పొద్దుగూకిన ముప్పావు గంట తర్వాత కాసేపే కూస్తుంది, ఆ కాసేపు తప్పితే ఆ రాత్రికి అంతే. రికార్డు చేసిన కూతను పదేపదే వినిపించి రప్పించాలని చూస్తే ఉన్న పక్షి కూడా చోటు వదిలేయవచ్చు.

అంతకన్నా ముందు చేయదగ్గ పని ఒకటుంది. గుంతలు తీయబోయే ప్రతి చిట్టడవిలో 50 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున తాడు కట్టి లోపలి పొదలు లెక్కపెట్టాలి. రెండు మీటర్లు దాటినవి 30 నుంచి 70 వరకు, పొట్టివి వంద లోపు తేలితే, అడుగుజాడల పరీక్ష పూర్తయ్యేదాకా ఆ చోట పలుగు దించకూడదు.